తగిలించినవాళ్ళే తియ్యాలి

ఆ రోజుల్లో హెర్మీనియాకి ఒకటే బెంగ. కొట్టులోని కరెంటు రంపం ఎవరి చెయ్యి తీసుకుంటుందోనని. వద్దనుకున్నా కళ్ళు జనం వేళ్ళ మీదికే పోయేవి. కొట్టులో పనిచేసే కుర్రాడు లాడిస్లావో కాఫీ లోటా పట్టుకుంటే అతని మొహం చూడకుండా ఆ చేతి వంకే చూస్తూ కూర్చునేది.

చర్చి వెనక రేకుల షెడ్డులో ఉన్న ఆ వడ్రంగం కొట్టు ఏ ఒక్కరి సొత్తూ కాదు, ఊరందరిదీ. కుర్చీలు చేసేవాడొస్తాడు, గిటారు చెక్కేవాడొస్తాడు, ఇంట్లో చావైతే పెట్టె చేసుకోవడానికి అన్నదమ్ములొస్తారు. దాన్ని నడిపేది హెర్మీనియా. నడపడమంటే మాటలా! గోడ మీద ప్రతి ఉలికీ, ప్రతి చిత్రికకీ నల్లరంగుతో నీడ గీసి ఉంటుంది. సాయంత్రం ఒక్క నీడ ఖాళీగా కనిపించినా ఆ పనిముట్టు దొరికేదాకా ఆవిడ ఎవర్నీ ఇంటికి పోనివ్వదు. శాలువా కప్పుకుని వచ్చిన ఆడవాళ్ళని గుమ్మంలోనే ఆపేది. "అది బయట పడేసి రా తల్లీ, రంపానికి బట్టలంటే మహా ఇష్టం!" వెనకాల ఆవిడని 'పోలీసత్త' అనుకునేవాళ్ళు. అనుకోనీ, వేళ్ళుంటే చాలు అనేది.

అన్నిటికంటే గట్టి నియమం బిళ్ళలది. ప్రతి మనిషికీ ఒక రేకు బిళ్ళ, దాని మీద తన గుర్తు. రంపం కింద చెయ్యి పెట్టేముందు ఆ బిళ్ళని స్విచ్చి పక్కనున్న కొక్కేనికి తగిలించాలి. బిళ్ళ ఉన్నంతసేపూ స్విచ్చి ముట్టుకోకూడదు. తగిలించినవాళ్ళే తియ్యాలి, ఇంకొకళ్ళు తియ్యకూడదు. ఆ నియమం పెట్టింది ఆవిడ మొగుడు అబుందియో, తన వేళ్ళు రెండు పోయాక. మిగిలిన వేళ్ళతోనే తన బిళ్ళ మీద పిచ్చుకని గీసుకున్నాడు. కిందటి చలికాలం దగ్గీ దగ్గీ పోయాడు పాపం.

పోయినవాళ్ళు తిరిగొచ్చే పండగకి ఆయన కోసం కొట్టులోనే పీఠం కట్టారు. బంతిపూలు, తీపి రొట్టె, గుమ్మడికాయ పాకం, ఆయనకిష్టమైన సారా, ఆయన చిత్రిక, ఆయన బిళ్ళ. అన్నీ సర్దాక అందరూ శ్మశానానికి బయల్దేరారు. అగ్గిపెట్టె మరిచిపోయి హెర్మీనియా ఒక్కతీ వెనక్కి వచ్చింది. పీఠం మీద పిచ్చుక బిళ్ళ కనిపించింది. ఎందుకు చేసిందో ఆవిడకే తెలియదు, దాన్ని తీసి కొక్కేనికి తగిలించింది. ఆయన లోపలే ఎక్కడో పని చేసుకుంటున్నట్టనిపించింది. భోరున ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, తాళం వేసి, శ్మశానానికి వెళ్ళింది.

మర్నాడు తలుపు తియ్యగానే లాడిస్లావో కేకేశాడు. "అత్తా! మామొచ్చాడు! బిళ్ళ తగిలించుకుని పని చేసుకున్నాడు చూడు!"

హెర్మీనియా చెల్లెలు ఒటీలియా శిలువ గుర్తు వేసుకుని అక్కని వాటేసుకుంది. "బావ నీకోసమే వచ్చాడే అక్కా, నీకోసమే!"

ఆ మొహాల్లో వెలుగు చూసి, తగిలించింది తనేనని హెర్మీనియా చెప్పలేదు. ఏదో ఒకటి చెప్పి బిళ్ళ తీసేద్దామని చెయ్యి చాపితే లాడిస్లావో అడ్డం వచ్చాడు. "ఆగత్తా, తగిలించింది మామ. తియ్యాల్సిందీ మామే. నీ మొగుడి నియమం నువ్వే తప్పుతావా?"

అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది. అక్కడే పొరపాటు చేసింది.

మరి పని ఆగుతుందా? బిళ్ళ వేలాడుతుండగానే రంపం వేశారు. మొదటిసారి లాడిస్లావో కొంచెం జంకి, బిళ్ళకి దండం పెట్టి, "సెలవిస్తావా మామా?" అని స్విచ్చి నొక్కాడు. అదే అందరికీ ఆనవాయితీ అయింది. కొక్కేనికి బంతిపూల దండ వచ్చింది. ఒకనాడు దాని కింద, రంపం పొట్టు పక్కనే, కొవ్వొత్తి వెలిగింది.

"కొంప తగలెడతార్రా దరిద్రుల్లారా!" అని హెర్మీనియా దాన్ని బయటికి విసిరికొట్టింది. బిళ్ళ జోలికి మాత్రం పోలేకపోయింది. తీస్తే నిజం చెప్పాలి. చెబితే ఆయన రాలేదని చెప్పాలి.

బిళ్ళుంటే రంపం ఆగాల్సిన చోట, ఇప్పుడు బిళ్ళుండగానే రంపం తిరుగుతోంది. ఆవిడకి రాత్రుళ్ళు నిద్ర లేదు. ఒకరోజు ఒటీలియా తన బిళ్ళ తగిలించకుండానే రంపం పళ్ళ మధ్య ఇరుక్కున్న చెక్క పేడు లాగుతోంది. హెర్మీనియా పరిగెత్తుకొచ్చింది.

"ఒసే, చెయ్యి తియ్యవే! బిళ్ళేదీ?"

"బావ చూసుకుంటాడులే అక్కా," అని ఒటీలియా కిలకిలా నవ్వింది.

ఆ నవ్వు హెర్మీనియా చెవుల్లోంచి పోలేదు. ఆదివారం పూజ అయ్యాక అందరికీ చెప్పేద్దామనుకుంది. ఆదివారం వచ్చింది, వెళ్ళింది.

ఆ తర్వాత ఒక పొద్దున, మంచు ఇంకా విడవకముందే, ఆవిడే రంపం బల్ల కిందికి దూరింది. పొట్టు గడ్డకట్టి పళ్ళకి పట్టేసింది. దూరేముందు అలవాటుగా తన బిళ్ళ కొక్కేనికి తగిలించింది. అది ఎండిన బంతిపూల వెనక్కి జారిపోయింది. కింద మోకాళ్ళ మీద కూర్చుని, పళ్ళ సందుల్లో వేళ్ళు పెట్టి పొట్టు గోకుతోంది. బల్లకి ఇవతల దేవదారు పలకల దొంతర ఆవిణ్ణి పూర్తిగా కప్పేసింది.

తలుపు కిర్రుమంది. ఈల వేసుకుంటూ లాడిస్లావో వచ్చాడు. బిళ్ళ చూస్తాడులే అనుకుంది. చూడనే చూశాడు, పిచ్చుక బిళ్ళని. రోజూ చూసేదే కదా!

"సెలవిస్తావా మామా?"

ఆవిడ వేళ్ళు పళ్ళ మధ్య ఇరుక్కున్నాయి. ఏ దేవుడు దయ తలిచాడో, ఎలాగో ఒక్క మాట వచ్చింది.

"ఇవ్వను!"

బల్ల కిందినుంచి వచ్చిన ఆ గొంతుకి లాడిస్లావో దెబ్బ తిన్నట్టు వెనక్కి తూలి, పలకల మీద పడ్డాడు. "మామా! తప్పయిపోయింది మామా!" అని చేతులు జోడించాడు.

హెర్మీనియా పాక్కుంటూ బయటికి వచ్చింది. జుట్టంతా పొట్టు, వేళ్ళ కొసల నెత్తురు. ముందు తన బిళ్ళ తీసుకుంది. తర్వాత పూల దండ తెంపి, పిచ్చుక బిళ్ళ మీద చెయ్యి వేసింది.

"అత్తా, వద్దు! తగిలించినవాళ్ళే..."

"తగిలించింది నేనేరా."

లాడిస్లావో పలకల మీదినుంచి లేవలేదు. ఎంతో చిన్న గొంతుతో అడిగాడు. "అంటే... మామ రాలేదా అత్తా?"

ఆవిడ బిళ్ళని గౌను అంచుతో తుడిచింది. పిచ్చుక రంగు కాస్త వెలిసింది.

"రాలేదురా," అంది హెర్మీనియా.