గూడ్సు గోదాము ముందు గంజి అక్క

ఆమె ఇస్త్రీ చేసిన చొక్కా, మనిషి విప్పేసినా నిలబడే ఉంటుందని పేటలో ఎవరో అన్నారు. ఆనాటి నుంచి ఆమె గంజి అక్క. కన్నతల్లి పెట్టిన పేరు ఇంట్లోవాళ్లే మరిచిపోయారు.

రైలు పట్టాల పక్క సందులో చివరి ఇల్లు ఆమెది. ముందు గదిలో ఇస్త్రీ బల్ల, వెనక వరండాలో బట్టలుతికే మిషను, ఆ వెనక పట్టాల దాకా ఖాళీ స్థలం. స్థలం రైల్వేవాళ్లది. ఇన్నేళ్లలో కాదన్నవాళ్లు ఎవరూ లేరు. గుంజలు పాతి, తాళ్లు కట్టి, నర్సింగ్ హోము దుప్పట్లన్నీ అక్కడే ఆరేసేది. భర్త బస్సు కండక్టరు. డ్యూటీలో అరిచి అరిచి వచ్చేవాడేమో, ఇంట్లో మాట్లాడే పని మొత్తం ఆమెకే వదిలేశాడు.

గోడకు అవతలి వాటాలో ఆమె తమ్ముడు, మరదలు ఉండేవారు. తమ్ముడు ఊరి అవతల మార్కెట్ యార్డులో బస్తాలు దించేవాడు. నడుం మీద చెయ్యి వేసుకోకుండా కుర్చీలోంచి లేవలేడు. మరదలికి నెలలు నిండుతున్నాయి.

ఒకరోజు పొద్దున్నే కొందరు మనుషులు వచ్చి దుప్పట్ల మధ్య ఎర్ర జెండాలు పాతసాగారు. "తాళ్లు తీసెయ్యమ్మా, ఇక్కడ గూడ్సు గోదాములు వస్తున్నాయి. పెద్దవి. రాత్రీ పగలూ రైళ్లు, లారీలు," అన్నాడు వాళ్లలో ఒకడు, శుభవార్త చెప్పినట్టు.

తమ్ముడికి మాత్రం అది నిజంగానే శుభవార్త. "గుమ్మం దిగితే పని అక్కా! అంత దూరం పోనక్కర్లేదు," అన్నాడు.

"ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట నీలాంటోడు," అని లోపలికి పోయింది ఆమె.

సందులో ఉండే రిటైరైన మాస్టారు గోదాములు వద్దంటూ కమిటీ పెట్టారు. మొదట్లో ఆమె చేరలేదు. నేల చదును చేసే లారీలు సందులోంచి తిరగడం మొదలయ్యాక సంగతి మారింది. పొద్దున తెల్లగా ఆరేసిన దుప్పట్లు మధ్యాహ్నానికి ఇటుక రంగు తేలేవి. మళ్లీ ఉతకడం, మళ్లీ దుమ్ము. స్కూలు పిల్లలు గోడకు అంటుకుని నడిచేవారు. ఒక లారీ మలుపులో కూరలమ్మే ముసలామె బండిని గుద్దేసి, ఆగకుండా పోయింది. ఆ సాయంత్రమే గంజి అక్క మాస్టారి ఇంటికి వెళ్లి, "నేనేం చెయ్యాలో చెప్పండి," అంది.

అభిప్రాయాలు అడగడానికి అధికారులు సభ పెట్టారు. అక్కాతమ్ముళ్లు ఒకే స్కూటరు మీద వెళ్లి, హాల్లో చెరో వైపు కూర్చున్నారు.

తమ్ముడు ముందు లేచాడు. "లారీల దుమ్ము మా మీదా పడుతుంది సార్. కానీ నా నడుం పోయింది. ఇంటి దగ్గర పని దొరికితే ఇంకొన్నాళ్లు బతుకుతాను. గోదాములు రావాలి."

"ఎంతకి అమ్ముడుపోయావురా?" అని అరిచారు కమిటీ వైపు నుంచి ఎవరో.

గంజి అక్క ఠక్కున లేచింది. "ఆ మాటన్నదెవరు? వాడు నా తమ్ముడు. వాడి మాట తప్పంటే తప్పనండి, మనిషిని అమ్ముడుపోయాడంటే ఊరుకోను," అంది. తర్వాత అధికారుల వైపు తిరిగింది. "గోదాములు మాత్రం వద్దండీ. పిల్లలు నడిచే సందు ఇది."

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టయింది ఆమె పని. కమిటీలో కొందరు ఆమెకు బట్టలివ్వడం మానేశారు. తమ్ముడి స్నేహితులు ఆమె ఎదురుపడితే మొహం తిప్పుకునేవారు. రాత్రిళ్లు అన్నం మాత్రం రెండు వాటాలవాళ్లూ కలిసే తినేవారు. గోదాముల మాట ఎత్తితే కండక్టరు గొంతు సవరించుకునేవాడు. అదే ఆయన హెచ్చరిక.

పనులు ఆగలేదు. మాస్టారు, గంజి అక్క, కూరల ముసలామె, ఇంకా చాలామంది లారీలకు అడ్డంగా రోడ్డు మీద కూర్చున్నారు. పోలీసులు అందర్నీ వ్యానెక్కించి స్టేషనుకు తీసుకెళ్లారు. మధ్యాహ్నం క్యారియరు పట్టుకుని తమ్ముడు వచ్చాడు.

"నువ్వెందుకు వచ్చావురా? మేం గెలిస్తే నీ పని పోతుంది కదా."

"పోతే పోయింది. నువ్వు పస్తుంటే నీ మరదలు నన్నింట్లోకి రానిస్తుందా? తిను. మాస్టారూ, మీరు కూడా రండి, అందరికీ తెచ్చాను."

మాస్టారు చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నారు. హాల్లో అరిచినాయన కూడా అక్కడే ఉన్నాడు. మొదట వద్దన్నాడు గానీ, కాసేపటికి తల దించుకుని చెయ్యి చాచాడు.

కూర్చోవడాలు, కోర్టు మెట్లెక్కడాలు చాలాకాలం సాగాయి. చివరికి గోదాములు రాక మానలేదు. లారీల దారిని మాత్రం పట్టాల అవతలికి మార్చారు. సందు పిల్లలకు మిగిలింది. వెనక స్థలం ఎత్తైన గోడ అవతలికి పోయింది.

తమ్ముడు అనుకున్నట్టు జరగలేదు. బస్తాలు దించడానికి యంత్రాలొచ్చాయి. అతనికి గేటు దగ్గర నిలబడి లారీలను లోపలికి పంపే పని దొరికింది. "జీతం తక్కువే గానీ నడుం వంచక్కర్లేదు," అన్నాడు. అప్పటికి అతని కూతురు పరుగెడుతోంది.

గంజి అక్క ఇప్పుడు దుప్పట్లు మేడ మీద ఆరేస్తోంది. తడి బట్టల బుట్టతో మెట్లెక్కితే మోకాళ్లు పట్టేస్తున్నాయి. ఆ బరువు తమ్ముడు మోస్తానంటే, అతని నడుం సంగతి తెలిసి ఆమె ఒప్పుకోలేదు. బుట్టకు తాడు కట్టి, పైనుంచి కండక్టరు లాగుతాడు, కింద నుంచి ఆమె కేకలేస్తుంది.

రాత్రిళ్లు వ్యాగన్లు ఢీకొన్న చప్పుడుకు తమ్ముడి కూతురు ఉలిక్కిపడి లేస్తోంది. మొన్న మాస్టారు మళ్లీ వచ్చారు. రాత్రిపూట పని ఆపమని గేటు ముందు కూర్చుందామన్నారు. ఆమె సరేనంది. ఆ మాట తమ్ముడికీ చెప్పింది.

"రండి గానీ అక్కా, నా డ్యూటీలో వద్దు. నిన్ను లేపమని నాకే చెప్తారు."

"నీ డ్యూటీ ఎప్పుడైపోతుంది?"

"మధ్యాహ్నం."

"అయితే దిగాక నువ్వూ వచ్చి కూర్చో. నిద్ర లేనిది నీ కూతురికే," అంది గంజి అక్క.

అతను నవ్వి, తడి బట్టల బుట్టకు తాడు ముడివేశాడు.