అత్తమ్మ ఉత్తరాలు, నా కత్తిరింపులు

మొన్న మా పాత బడి వాళ్ళు పిలిస్తే వెళ్ళాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక అమ్మాయి నా చేతిలో మైకు పెట్టి, ఇల్లు, బడి, పత్రిక, కథలు ఇన్నింటినీ ఎట్లా నెట్టుకొచ్చారు మేడం అని అడిగింది. నలుగురిలో నోరు తెరవాలంటే ఈ వయసులోనూ నాకు బెరుకే కనుక, అంతా పెద్దల దయ అని గొణిగి కూర్చున్నాను. ఆ దయ రోజుకు ఎంతసేపు ఉండేదో, ఒకసారి ఎట్లా ఊడిపోయిందో చెప్పలేదు. మీరు నా ఈడు వాళ్ళు కనుక మీకు చెబుతున్నాను.

అవి ఎనభైల మొదటి రోజులు. మా ఆయన సారపాక మిల్లులో ఉద్యోగి. అక్కడే కిరాయి ఇంట్లో ఉండేవాళ్ళం, నేను గోదావరి వంతెన దాటి భద్రాచలంలో పిల్లలకు తెలుగు చెప్పేదాన్ని. పెళ్ళికి ముందు నుంచే డైరీ రాసే అలవాటూ, దాని చాటున కథలు రాసే రోగమూ ఉన్నాయి. ఆ సంగతి మా ఆయనకు తెలియడానికే ఆర్నెల్లు పట్టింది, అదీ పోపుల డబ్బా వెనక కాగితాలు దొరికితే. అత్తమ్మకు చదువు రాదు గాని బేరం బాగా వచ్చు. సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా పొయ్యి తాను చూసుకుంటుంది, ఆ గంట నాది, ఏడు కొట్టగానే "ఇగ లెవ్వు" అంటుంది. బదులుగా ఆదివారం ఆదివారం, చర్లలో ఉన్న మా ఆడబిడ్డకు ఆమె చెప్పే ఉత్తరం నేను రాయాలి.

ఆ ఉత్తరం సంగతి మీరు వినాలి. "ఏమే, సచ్చినవా బతికినవా? రెండు వారాలాయె, నీ చేతులకు ఏం పుట్టింది?" అని మొదలై, అల్లుడి దగ్గు, మేక ఈనిందా లేదా, పోయినసారి పంపిన కారం చాలిందా, మళ్ళీ మేక, మళ్ళీ దగ్గు, ఇట్లా తిరిగి తిరిగి, "వానకు వాగు దాటకు, దాటితే కాళ్ళిరగ్గొడ్త" అన్న దగ్గర ఆగేది. నా తరగతిలో పిల్లలెవరైనా అట్లా రాస్తే పదికి రెండు మార్కులు కూడా వేసేదాన్ని కాదు. అయినా రెండేళ్ళ పాటు పొల్లుపోకుండా రాశాను.

అంతలో చుట్టుపక్కల పంతుళ్ళందరూ కలిసి సైక్లోస్టైల్ తీసే చిన్న పత్రికొకటి మొదలుపెట్టి, నా దస్తూరి బాగుందని సంపాదకత్వం నా నెత్తిన పెట్టారు. పత్రికకు పదహారు పేజీలు, వచ్చేవి అరవై పేజీల కవితలు. పినపాక లెక్కల మాస్టారు వెన్నెల మీద పద్నాలుగు పేజీలు పంపితే నాలుగు పాదాలకు దించాను, ఆయన ఏడాది నాతో మాట్లాడలేదు. కత్తిరింపు మరిగిన చెయ్యి ఇంట్లో మాత్రం ఊరుకుంటుందా? ఒక ఆదివారం అత్తమ్మ చెబుతుంటే తిట్లు తీసేశాను, రెండో మేకను కొట్టేశాను, దగ్గును ఆరోగ్యంలో కలిపేశాను. "చిరంజీవికి ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. మీ క్షేమ సమాచారం తెలుపగలవు. ఆరోగ్యం జాగ్రత్త." పోస్టు కార్డు చూడముచ్చటగా ఉంది. చదివి వినిపించమంటే, ఆ నాలుగు వాక్యాల మీదే వేలు జరుపుతూ ఆమె చెప్పినదంతా తిట్లతో సహా ఒప్పజెప్పాను. నెల రోజులు ఇట్లాగే గడిచింది. మిగిలిన సమయం కథలకు పోయింది, డైరీలో మాత్రం "ఈ వారం కూడా అబద్ధమే" అని రాసుకునేదాన్ని.

ఐదో ఆదివారం పొద్దున మా ఆడబిడ్డ బస్సు దిగి, సందు మొదటి నుంచే గుండెలు బాదుకుంటూ వచ్చింది. వాడకట్టంతా బయటికొచ్చింది. మిరపకాయలు ఎండబోస్తున్న అత్తమ్మ చేటతోనే ఎదురుపోయింది.

"ఎవలు సచ్చిన్రే?"

"నువ్వే అనుకున్ననే అమ్మా! నాలుగు కార్డులొచ్చినయ్, ఒక్క తిట్టు లేదు. నువ్వు పోతే నాకు జెప్పకుండ వదినె రాస్తున్నదనుకున్న."

సంచిలోంచి కార్డులు తీసి అందరి ముందే చదివింది. నాలుగూ చదవడానికి ఆమెకు మధ్యలో ఊపిరి తీసుకునే పని కూడా పడలేదు. అత్తమ్మ నా వైపు తిరిగింది.

"నేను జెప్పిన మాటలన్ని ఏడవోయినయే పంతులమ్మా?"

"కార్డుల జాగ సాలలేదు అత్తమ్మా."

"సాలకపోతే పోస్టాఫీసుల ఇంకో కార్డు దొరకదా? నా బిడ్డను నేను తిట్టుకుంటే నీకు బరువైందా? నీ గంట బంద్. పొయ్యి కాడ కూసో, పో."

మా ఆయన ఏదో అనబోయి, అమ్మ చేతిలో చేట చూసి మిల్లుకు టైమైందని వెళ్ళిపోయాడు, ఆదివారమన్నది మరిచి. ఆ సాయంత్రం నుంచి ఆరు గంటలకు నేను పొయ్యి ఊదుతున్నాను. కథ సగంలో ఆగింది, పత్రిక పంపలేకపోయాను, బతిమాలుకునే నోరు నాకెప్పుడూ లేదు. ఇక నా రాత ఇంతేనని డైరీలో కూడా రాయలేదు, రాసే వేళ ఏది?

మరుసటి ఆదివారం అత్తమ్మ పిలిచింది. "రాస్తవా, మింగుతవా?" అని అడిగి మొదలుపెట్టింది. మేకను రెండుసార్లూ, దగ్గును మూడుసార్లూ, మధ్యలో నన్ను తిట్టిన తిట్లతో సహా ఇన్లాండు కవరు అంచుల్లో కూడా రాశాను. పది రోజులకు జవాబొస్తే, సాయంత్రం పొయ్యి ఊదుతూనే చదివి వినిపించాను. "ఇప్పుడు నిమ్మలమైంది అమ్మా. ఇద్దరం కూసొని రెండుసార్లు సదువుకున్నం. ఆయనకు దగ్గు తగ్గింది గని, వదినెను తిట్టింది సదివి నవ్వి నవ్వి మళ్ళ వచ్చింది."

"గింతేనా? ఏమన్న మింగినవా?" అంటూ అత్తమ్మ కవరు అందుకుని రెండు వైపులా తిప్పి చూసింది. తర్వాత లేచి, నా చేతిలోంచి ఊదుగొట్టం లాక్కుని పొయ్యి ముందు కూర్చుంది. గోడ గడియారంలో ఆరు దాటి రెండు నిమిషాలు.

ఆమె పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు ఎవరి మాటా ఎవరూ రాసిపెట్టనక్కరలేదు, ఫోనులో అందరూ పొందికగా, మర్యాదగా పలకరించుకుంటున్నారు. పింఛనుదారును, పొద్దున లేచింది మొదలు గంటలన్నీ నావే. బల్ల ముందు కూర్చుంటాను. ఏడు కొట్టినా "ఇగ లెవ్వు" అని లేపేవాళ్ళు లేరు కదా, అందుకేనేమో కలానికీ తొందర లేదు.