నాన్న పెన్సిలు రాతలు
దీవికి వచ్చిన నేను అక్కడి అబర్డీన్ బజార్‌లో గొడుగు కొంటుంటే, నా చేతిలోని పుస్తకం మీద దుకాణం ఆవిడ చూపు పడింది. అది మంచుకొండల్లో తప్పిపోయి, ఒంటరిగా బతికి బయటపడ్డ మనిషి కథ.

"భయ్యా, తెలుగు చదువుతారా? నాకు మాటే వచ్చు, పఢ్‌నా నహీ ఆతా" అంటూ సినిమా చరిత్ర పుస్తకమొకటి తెచ్చింది. "పోయిన మా నాన్నది. ఏ పిక్చర్ బాగుందో పక్కన రాసుకున్నారేమో, చదివి చెప్పండి."

ప్రతి సినిమా పక్కనా పెన్సిలుతో ఒకటే మాట: "ఒక్కణ్ణే చూశాను." సినిమాలు బాగున్నాయని రాశారంటూ అబద్ధం చెబుదామనుకున్నాను. ఆఖర్లో ఒకచోట మాత్రం, "పాపతో చూశాను. కథ గుర్తు లేదు."

ఉన్నవి ఉన్నట్టే అన్నీ చదివాను. ఆవిడ ఆ చివరి మాట మీద వేలు పెట్టి, "ఇది మళ్ళీ చదవండి" అంది.

ఆ సాయంత్రం లాడ్జిలో నా పుస్తకం ముగించాను. చివరి పేజీలో రాసుకున్నాను: "ఒక్కణ్ణే చదివాను."