వల దాటిన పంతులమ్మ

తాయారుది చిన్న గొంతు. చీపురుపల్లి దగ్గర పల్లెలో నలుగురు అన్నదమ్ముల మధ్య పుట్టిన ఒక్కగానొక్క ఆడపిల్ల. ఆ ఇంట్లో ఆమె ఓ మాట మొదలుపెడితే పూర్తిచేసేది మాత్రం మరొకరు. "మా తాయారు మాట గోగునార నానినట్టుంటాది, సప్పుడే ఉండదు" అని తండ్రి జగన్నాధం ముద్దుగానే అనేవాడు. అంత మెత్తటి పిల్లకి పంతులమ్మ కావాలన్న బుద్ధి ఎప్పుడు పుట్టిందో గాని, పుట్టింది మరి పోలేదు. ట్రైనింగ్ స్కూల్లో సీటొచ్చినప్పుడు జగన్నాధం ఒక్కటే చెప్పాడు. "ఒక్కసారే సదివిస్తాను. తప్పినావా, మరి ఇంటికాడే."

అక్కడ రెండు పరీక్ష పాఠాలు చెప్పాలి. మొదటి పాఠానికి పెద్ద మేష్టారు సూరయ్యగారు వచ్చి వెనక వరసలో కూర్చున్నారు. పాఠమైపోయాక ఎర్రసిరాతో రెండే ముక్కలు రాసిచ్చారు: 'కంఠస్వరం చాలదు.' రెండో పాఠమైనా నెగ్గితేనే సర్టిఫికెట్టు.

రెండో పాఠానికి ముందు పది పన్నెండు రోజులు ఏదో ఒక పల్లె బడిలో పనిచెయ్యాలి. దగ్గర ఊళ్ళన్నీ గట్టిగా అడిగినవాళ్ళకి దక్కాయి. అడిగినా వినిపించని తాయారుకి భావనపాడు మిగిలింది.

అది 1968, ఫిబ్రవరి నెల. పాసింజరు బండిలో నౌపడ దాకా వెళ్ళి, అక్కణ్ణించి ఉప్పు మళ్ళ గట్ల మీద నడిచింది. కాగితం మీద రెండు ఊళ్ళూ ఒకే జిల్లా. అయినా ఆ పిల్లకి అది పరదేశమే. ఇక్కడ చేనుకి గట్టు లేదు, పశువుకి రాట లేదు. ఊరు ఊరంతా సముద్రం వైపే మొహం పెట్టుకుని కూర్చుంది. టెక్కలి దాకా చేపలబుట్ట నెత్తిన మోసే లక్ష్మణమ్మ ఇంట్లో బస. ఆమె మనవరాలు కూర్మమ్మ మూడో తరగతి. బడి అంటే తాటాకుల షెడ్డు. మేష్టారు ఒక్కరే, గణపతిరావుగారు. రోజూ నౌపడ నుంచి సైకిలు మీద వచ్చి, ఇసక మొదలైన చోటు నుంచి సైకిల్ని తోసుకుంటూ వస్తారు.

తాయారు మూడు రాత్రులు కూర్చుని గీసి తెచ్చుకున్న అట్ట ఒకటుంది. దాని మీద నాగలి, కాడి, గొర్రు, అన్నీ రంగు సుద్దలతో. మొదటి రోజే గోడకి తగిలించింది.

"ఇది తేల్తాదా, పంతులమ్మా?" అని కూర్మమ్మ అడిగింది.

"తేలదమ్మా. ఇది నేలని దున్నుతుంది."

"తేలకపోతే మరి దేనికి?"

బడంతా నవ్వింది. తాయారుకీ నవ్వొచ్చింది. గంజిలో ఎండుచేప నంజుకుని బతికే పిల్లలకి గొర్రు దేనికి, పాపం! మూడు రోజులు తిరిగేసరికి పిల్లలు ఆమె కొంగు పట్టుకుని తిరగడం మొదలుపెట్టారు. గొంతు వినబడక దగ్గరికి జరిగేవారు. దగ్గరికి జరిగి అక్కడే ఉండిపోయేవారు.

నాలుగోనాడు పొద్దున్న ఆలస్యమైంది. లక్ష్మణమ్మ ఇంటికీ బడికీ మధ్య ఇసకలో, ఊళ్ళో అందరూ మాట వినే పోతురాజుది, పెద్దవల సన్నగా బారున ఆరబెట్టి ఉంది. రెండు మళ్ళ పొడవుంటుంది. చుట్టూ తిరిగి వెళితే గంట కొట్టేస్తారు. తాయారు కుచ్చెళ్ళు కాస్త పైకి పట్టుకుని, కొత్త రబ్బరు చెప్పులతోనే ఒక్క అంగలో దాటేసింది. వెనకాలే వస్తున్న కూర్మమ్మ నోటిమీద చెయ్యి వేసుకుంది. తాయారు అది చూసింది. ఎందుకో మాత్రం తెలియలేదు.

ఆవేళ వల లాగితే నాచూ, రెండు పీతలూ వచ్చాయి. మర్నాడు వల మధ్యలో చిరిగింది. ఆ మర్నాడు బడిలో చాపలున్నాయి గాని, పిల్లల్లేరు.

లక్ష్మణమ్మ ఆ సాయంత్రం అన్నం పెడుతూ అంది. "వల మీంచి దాటీసినావటే అమ్మా? అదీ సెప్పుల్తోని?"

"దారికి అడ్డంగా ఉంటే..."

"అడ్డంగా ఉంటే దాటీడమేటే! అది కూడెట్టే తల్లి కాదా? ఊరంతా నిన్నే అంటన్నారు. ఆ పంతులమ్మ ఉన్నన్నాళ్ళూ పిల్లగుంటల్ని బడికి అంపీది లేదని పోతురాజు సెప్పీసినాడు."

తాయారు చేతిలో ముద్ద కంచంలోనే పెట్టేసింది. సూరయ్యగారు వచ్చేది సోమవారం. మధ్యలో నాలుగే రోజులు. పిల్లలు లేని గదిలో ఎవరికి చెబుతుంది పాఠం?

మర్నాడు గణపతిరావుగారు తేలిగ్గానే తీసుకున్నారు. "ఇదంతా మూఢనమ్మకం అమ్మా. టీచరు తలొంచకూడదు. నాలుగు చేపలు పడితే వాళ్ళే దిగొస్తారు."

ఆయన చెప్పింది సబబే అనిపించింది. కానీ ఖాళీ చాపల ముందు కూర్చుంటే ఆమెకు తమ ఇంటి కళ్ళం గుర్తొచ్చింది. చిన్నప్పుడు ఊరికొచ్చిన గుమస్తా ఒకడు, కళ్ళంలో ధాన్యం రాశి పక్కనుంచి రాకుండా, బూట్లతో గింజల మీంచే నడిచొచ్చాడు. గుమస్తా వెళ్ళాక తాత ఆ చోటంతా మళ్ళీ పేడనీళ్ళతో అలికాడు. ఆ పూట అన్నం ముట్టలేదు. ఎవరో చెబితే గుమస్తా నవ్వాడట. తాయారుకి ఆ బూట్లకంటే ఆ నవ్వే ఎక్కువగా జ్ఞాపకం.

లేచి, చెప్పులు బడి గుమ్మంలోనే వదిలేసి, పోతురాజు దగ్గరికి నడిచింది. అతను చిరిగిన చోట వల అల్లుతున్నాడు. తల ఎత్తలేదు.

"మావా, తెలవక దాటీసినాను" అంది. ట్రైనింగులో నేర్పిన భాష ఎటుపోయిందో, ఇంట్లో మాటే వచ్చింది.

"నీకు తెలవకపోతే వలకి తెలవదేటి?"

"మా కళ్ళంలో గింజ మీద సెప్పుల్తో ఎవులైనా నడిస్తే మా తాత ఆ పూట కూడు తినడు. అలాటింటి పిల్లని. నాను సేసింది నాకు తెలిసినాది. ఏటి సెయ్యాలో సెప్పు, సేస్తాను."

పోతురాజు చేతిలో అల్లికపుల్ల ఆగింది. "మీదే ఊరు? సీపురుపల్లి కాడా? ఏటేస్తారు?"

"గోగు, సోళ్ళు. తడుంటే వరి."

"రైతుబిడ్డవా! బడికాడ ఆ మాటలు ఇంటే ఏ రాజమండ్రి దొరసానో అనుకున్నాం" అన్నాడు, కొంచెం నవ్వుతూ. "దాటినోళ్ళే వలకి పసుపునీళ్ళు సల్లాల. మర్నాడు తాడట్టుకుని లాగాల. అంతే. గంగమ్మ తల్లి మనలా కోపాలు దాసుకోదు."

వేపమండతో పసుపునీళ్ళు చల్లింది. తెల్లారి తాడు పట్టుకుంది. ముందు పోతురాజు, వెనక లక్ష్మణమ్మ, ఆ వెనక కూర్మమ్మ, ఆ వెనక ఊరు. తాడు ఉప్పునీటికి బిగిసి చేతులు కోసేస్తోంది. అందరూ ఒక్క గొంతుతో 'హైలేసా' అంటేనే అందరి అడుగూ ఒక్కసారి పడుతుంది. తాయారు పెదాలు కదిలాయి, అంతే.

"ఒలే పంతులమ్మా! తాడుకి సెవులో సెప్తన్నావేటే?" అని లక్ష్మణమ్మ వెనకనుంచి కేకేసింది. "సంద్రానికి ఇనపడాల!"

ఆడవాళ్ళందరూ ఘొల్లుమన్నారు. తాయారుకి సిగ్గేసింది, తరవాత రోషమొచ్చింది, ఆ రోషంలో 'హైలేసా' అని గొంతెత్తి అరిచింది. ఆ రోజు వరకూ అంత గొంతు తనలో ఉందని ఆమెకే తెలియదు.

వలలో బుట్టెడు కవళ్ళ చేపలు పడ్డాయి. గొప్పేం కాదు. "తల్లి శాంతించినాదో, గాలే తిరిగినాదో" అన్నాడు పోతురాజు. తాడు పట్టినవాళ్ళందరికీ పంచినట్టే తాయారుకీ దోసెడు చేపలిచ్చాడు. ఆ పూట బడికి పిల్లలందరూ వచ్చారు, ఒక్కడు జ్వరంతో తప్ప.

సోమవారం సూరయ్యగారిని గణపతిరావుగారు సైకిలు వెనక కూర్చోబెట్టుకుని తెచ్చారు. ఆ వేళకి తాయారు పిల్లల్ని వరసలో నిలబెట్టి, బడి ముందు ఎదురుచూస్తోంది. ఇసక రాగానే సూరయ్యగారు దిగి, పంచె సర్దుకుని, తిన్నగా బడివైపు నడిచారు. బూట్లున్నాయి. మధ్యలో పోతురాజు వల ఆరుతోంది. చుట్టూ చూసి, ఆయన కాలు ఎత్తారు.

తాయారుకి ఒక్క క్షణం ఎర్రసిరా కనిపించింది. ఆయన్ని ఆపితే ఏమనుకుంటారో! ఆపకపోతే?

"సార్! దాటకండి!"

రేవులో పడవకి తారు పూస్తున్నవాళ్ళు తిరిగి చూశారు. చేపల మీది కాకులు లేచాయి. సూరయ్యగారి కాలు గాల్లోనే ఉండిపోయింది.

"సుట్టూ తిరిగి రా బావూ!" అని ముప్ఫైమంది పిల్లలు అందుకున్నారు.

ఆయన కాలు దింపారు. వలనీ, పిల్లల్నీ, వల పక్కన లేచి నిలబడిన పోతురాజునీ చూశారు. ఆ ఎండలో, ఇసకలో బూట్లు దిగబడుతూ రెండు మళ్ళ పొడవూ చుట్టూ తిరిగి వచ్చారు.

పాఠం సంగతి పెద్దగా చెప్పుకోడానికి లేదు. చేతులకి బొబ్బలుండి సుద్దముక్క రెండుసార్లు జారింది. నాగలి అట్ట పక్కన వల బొమ్మ కూడా గీసి, రైతుకి అదెలాగో మీకు ఇది అలాగ అని చెప్పింది. "అయితే అదీ దాటకూడదేటి?" అని కూర్మమ్మ నాగలిని చూపిస్తూ అడిగింది. సూరయ్యగారు నవ్వాపుకోడానికి కిటికీవైపు తిరిగారు.

సాయంత్రం లక్ష్మణమ్మ బుట్ట దించి, గుమ్మంలో కూలబడి, "ఏటి రాసినాడే మీ పెద్ద మేస్టరు?" అంది.

తాయారు కాగితం విప్పింది. మళ్ళీ ఎర్రసిరాయే. "'కంఠస్వరం అవసరానికి మించి ఉన్నది' అని రాశారు."

"అంటే తప్పినట్టా, పాసైనట్టా?"

"పాసే, పిన్నీ."

"అదే గట్టిగా సెప్పలేవేటే! పోతురాజు ఇంటి దాకా ఇనపడొద్దా?"

తాయారు గుమ్మంలోకి వచ్చి నిలబడి, ఊపిరి పీల్చుకుని, గట్టిగానే చెప్పింది.