జిల్లేడు ఆకులకు నంబర్లు

రేపల్లెలో మా ప్రహరీ పక్కన ఒక జిల్లేడు పొద ఉంది. దాని పాలు కంట్లో పడితే చూపు పోతుందని, కొట్టించేయమని ఎదురింటి రిటైర్డు టీచరుగారు అమ్మ వెంట పడేవారు. "రథసప్తమి స్నానానికి ఏడాకులు కోసుకుని, మర్నాడే కొట్టించేస్తాను వదినగారూ" అని అమ్మ మాటిచ్చేసింది. నాకు మనసొప్పలేదు. పొద్దున్నే తెనాలి రైలుకు బయల్దేరేటప్పుడు, ఆ ఊదా పూల మీద నల్ల తుమ్మెదల్ని కాసేపు చూసి వెళ్లడం నాకు అలవాటు.

పండక్కి రెండు వారాల ముందు ఆకులు తగ్గసాగాయి. నా అనుమానం టీచరుగారి మీదే. కారణాలు మూడు: ఆవిడకి మోకాళ్ల నొప్పులు, జిల్లేడాకు వెచ్చచేసి కడితే నొప్పి తగ్గుతుందని మా వీధి నమ్మకం, ఆవిడ గేటు నుంచి పొద నాలుగడుగులు. ప్యానెల్ బోర్డుల్లో వైర్లకు నంబర్లు వేయడం నా ఉద్యోగం. ఆకుల మీది తెల్లపొడి తుడిచి, మార్కరుతో ఒకటి నుంచి నలభై దాకా వేశాను.

మూడో రోజుకి తొమ్మిది లేవు. వెళ్లి అడిగేశాను.

"టీచరుగారూ, మీరేమైనా ఆకులు కోశారా అండి?"

"ఆ విషపు చెట్టునా? నేనా?"

"అంటే... మీ మోకాళ్లకి..."

"నా మోకాళ్లకి ఆముదం ఉంది. ముందు నీ కళ్లు చూపించుకో. రా ఇలా."

కుంటుతూ వచ్చి ఇరవై రెండో నంబరు ఆకు తిప్పారు. అందులో ఒక రెండంకె తినేసి ఉంది. రెండో అంకె మీద చారల గొంగళిపురుగు. నలుపు, తెలుపు, పసుపు.

"ఇదిగోనయ్యా నీ దొంగ."

లెక్కపెడితే ఆరున్నాయి. వారం తిరక్కుండా ఆరూ మాయం. గులాబీలకు కొట్టే పురుగుమందు సీసా ఆవిడ అరుగు మీదే ఉంది. ఈసారి అడగలేదు, కనిపెట్టడం మొదలెట్టాను. ఆదివారం చర్చి నుంచి వస్తూ ఆవిడ, అంత నొప్పితో, వీధి గేటు వదిలి వెనక సందులోంచి చుట్టూ తిరిగి వెళ్లారు. మర్నాడూ అంతే. అనుమానం బలపడి గేటు దగ్గరికి వెళ్లాను. రెండు తలుపుల్నీ పాత చీర పేలికతో బిగించి కట్టారు. అడ్డకమ్మీ కింద లేతాకుపచ్చ గూడొకటి వేలాడుతోంది, దాని మీద బంగారపు చుక్కలు.

"కదపకు!" లోపల్నుంచి కేకేశారు. "గేటు ఊగితే రాలిపోతుంది."

రథసప్తమికి ఏడాకులు దొరికాయి. అమ్మ నెత్తిన పదిహేడో నంబరు పెట్టుకుని స్నానం చేసింది. మర్నాడు కత్తితో మనిషి వస్తే టీచరుగారే వెనక్కి పంపేశారు, గూట్లోని సీతాకోకచిలుక ఎగిరేదాకా ఆగమని.

ఎగిరి నెలైంది. కొట్టించే మాట ఆవిడ ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు. మందు సీసా మాత్రం ఇంకా ఆ అరుగు మీదే ఉంది. రైలెక్కే ముందు దాని మట్టం చూసి వెళ్తున్నాను.