రాజు వేషానికి బి షిఫ్టు

బలరాం చార్జ్‌మన్ అయింది ప్లాంటు మేలు కోరి కాదు. ఈ మాట "మీ జీవిత లక్ష్యం ఏమిటి" అని శిక్షణ తరగతుల్లో అడిగే పెద్దమనుషులకు నచ్చదు. నచ్చకపోతే మానె.

భిలాయిలోని ఖుర్సీపార్‌లో మన తెలుగువాళ్ళు ఏటా దసరాకి సాయంత్రం నాటకం వేసేవారు. అందులో రాజు వేషం కట్టాలన్నది బలరాం కల. ఉక్కు ప్లాంటు మిల్లులో క్రేన్ నడిపేవాడు. పైన కేబిన్‌లో కూర్చుని గొంతెత్తి పద్యాలు సాధన చేసేవాడు. ఆ మోతలో కింద ఎవరికీ వినపడేవి కావు.

రాజు వేషం మాత్రం నరసింగరావుది. వరసకు బావ, తనూ క్రేన్ నడిపేవాడే. సీనియారిటీ మీద క్రేన్లవాళ్ళకి డ్యూటీలు రాసేదీ అతనే. అందుకే నాటకం రోజున ప్రతిసారీ బలరాంకి బి షిఫ్టు, అంటే మధ్యాహ్నం నుంచి రాత్రిదాకా.

"ఈ ఒక్కపాలి మార్చు బావా," అని తొంభై రెండులో అడిగాడు.

"ప్లాంటు ఆగదు గదరా. అయినా నీ పద్యాలకి ఆ క్రేనే సరి. అదొక్కటే లేసి పోకుండా ఇంటాది."

టీ తాగుతున్నవాళ్ళంతా నవ్వారు. ఆ నవ్వే బలరాంని డిపార్ట్‌మెంటు పరీక్షకు చదివించింది. జీతం పెరుగుతుందని భార్య రోహిణి సంబరపడింది. అతను కాదనలేదు. రెండుసార్లు తప్పి, తొంభై అయిదులో పాసై చార్జ్‌మన్ అయ్యాడు. డ్యూటీలు రాసే పని అతని చేతికొచ్చింది.

ఆ దసరాకి నరసింగరావుకు బి షిఫ్టు.

"ఏటిది బలరాం? నాటకం రోజున నాకు బి షిఫ్టేటి?"

"ప్లాంటు ఆగదు గద బావా."

రోహిణికి భయం వేసింది. మనిషి రాకపోతే డ్యూటీ రాసినవాడే క్రేన్ ఎక్కాలి. "ఆయన సిక్కు లీవు పెట్టేస్తేనో?"

"పెట్టనీ."

నరసింగరావు సరిగ్గా అదే చేశాడు. షిఫ్టు మారే వేళకి కడుపునొప్పని కబురు పంపాడు. భిలాయి-3లో ఉండే ఇంకో క్రేన్ ఆపరేటరు రాజేంద్రని బలరాం ముందే పిలిపించి ఉంచాడు. క్రేన్ అతనికి అప్పగించి నాటకానికి వెళ్ళాడు.

నరసింగరావు అప్పటికే మీసం అంటించుకుని, కిరీటం పెట్టుకుని ఉన్నాడు. తెర సందులోంచి తొంగిచూశాడు. ముందు వరసలో, మెడలో దండతో, మిల్లు పెద్ద సాహెబ్.

"సాహెబ్‌ని ఎవడు పిల్చినాడ్రా?"

"నేనే బావా. కడుపునొప్పోడివి, కూకో. కిరీటం ఇలాగియ్యి."

కిరీటం ఇచ్చాడు. ఇవ్వక ఏం చేస్తాడు? బయటికి వెళ్తే సాహెబ్ కళ్ళబడతాడు. చాటున మిగిలిన పని తెర తాడు లాగడం ఒక్కటే.

మొదటి పద్యానికే జనం వన్స్‌మోర్ అన్నారు. తెలుగు ముక్క రాని సాహెబ్ కూడా చప్పట్లు కొట్టాడు. వన్స్‌మోర్ అన్న ప్రతిసారీ దించిన తెర మళ్ళీ ఎత్తాలి. మీసం ఊడి వేలాడుతుండగా నరసింగరావు ఎత్తుతూనే ఉన్నాడు.

బలరాం అక్కడితో ఆగి ఉంటే మంచివాడని రాసేవాణ్ణి. ఆగలేదు. మరుసటి దసరాకీ డ్యూటీలు అతనే రాశాడు. నరసింగరావుకు బి షిఫ్టే.