వెనక్కి ఉరికిన బండి

అరవై దాటాక అక్షరాలు నేర్చినవాణ్ణి, తప్పులుంటే దిద్దుకోండి. మాది సోలాపూర్‌లో బీడీ కార్మికుల కాలనీ, విడీ ఘర్కుల్. మా చిన్నోడు రాళ్లల్లో, గుంతల్లో తిరిగే బండిని విడిభాగాలు తెప్పించి తానే బిగించుకున్నాడు. దాని ఇంజిన్ కాలిపోతే పాత ఆటో ఇంజిన్ ఎక్కించాడు. దసరా పూజ చేసి, చక్రాల ముందు నిమ్మకాయలు పెట్టి, "మొదాలు పెద్దోళ్లే కూసోవాలె బాపూ" అని నన్ను ఎక్కించి బెల్టు బిగించాడు.

వాడు స్టీరింగ్ పట్టి ముందుకు పోయే గేరు వేస్తే బండి వెనక్కి ఉరికింది. ఇంజిన్‌ను వెనకముందు చేసి బిగించాడట! నిమ్మకాయలు అలాగే ఉన్నాయి. బండి వెనక, మా ఇంటి గడపలో నా భార్య మాకు వీపు పెట్టి బీడీలు చుడుతోంది. ఆమెకు చెవుడు.

"బ్రేక్ కొట్టురా!"

"కొడుతున్న బాపూ, పడ్తలేదు!"

దూకుదామంటే బెల్టు ఊడలేదు. ఆమె వీపునే చూస్తూ అరిచాను.

దండెం మీది చద్దర్లు చక్రాలకు చుట్టుకుని, ఆమెకు జానెడు దూరంలో బండి ఆగింది. అప్పుడు తిరిగి చూసింది.

"ఏందయ్యా, ఉతికిన చద్దర్లన్నీ ఖరాబ్ చేసిన్రు!"

అవి నేను నేసిన చద్దర్లే. ఆమెకు ఇప్పటికీ వాటి బాధే. నాకు మాత్రం ఆమె వీపు కనబడితే మనసు ఆగదు. వినబడదని తెలిసినా, ఒకసారి పిలుస్తాను.